ఓడజాడ: ఉపమానమూ వాస్తవమూ

మన సమావేశాలలో కవిత చదివిన తర్వాత చర్చ జరగడం ఆనవాయితీ. ఆ చర్చ సాధారణంగా వస్తువు గురించీ, శిల్పం గురించీ, కవి దృక్పథం గురించీ సాగుతుంది. కవితలో ఉన్న నీరు నీరులాగా ప్రవర్తిస్తున్నదా లేదా అని ఎవరూ అడగరు. క్రితం వర్షాకాలంలో మా ఊళ్ళో జరిగిన ఒక సమావేశంలో ఒక పెద్దాయన ఆ ప్రశ్న అడిగారు. దానితో ఒక కవితా, ఆ కవితను మెచ్చుకున్న ఒక విమర్శకుడూ ఇరుకున పడ్డారు. ఆ విమర్శకుణ్ణి నేనే కనుక ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

కవిత ఒక యువకవిది. అందులో ఒక ఓడ సముద్రం మీద బయలుదేరుతుంది. వేగం పెరిగేకొద్దీ దాని వెనుక నీటిజాడ రెండు రెక్కలుగా విచ్చుకుని, చివరకు సముద్రాన్నంతా ఆక్రమిస్తుంది. నేను లేచి, చలనానికీ దాని ప్రభావానికీ గల సంబంధాన్ని పట్టుకున్న వాస్తవిక ప్రతీక అది అని ప్రశంసించాను. వెనుక బెంచీ మీద కూర్చున్న ఒక వృద్ధుడు నెమ్మదిగా లేచారు. ఆయన గోదావరి లాంచీల మీద చాలాకాలం సరంగుగా పనిచేసినవారు.

“మాస్టారూ, తప్పుగా అనుకోకండి. నడిగోదాట్లో లాంచీని మెల్లగా తోలినా గట్టిగా తోలినా ఆ రెండు రెక్కల మధ్య ఎడం అంతేనండి. అలలు పెద్దవవుతాయి గానీ ఎడం మారదండి. నీళ్ళు మారితే మారుతుందండి” అన్నారు.

కొందరు నవ్వారు. “కవిత్వం నావికాశాస్త్రం కాదు కదండీ” అని నేను తప్పించుకున్నాను. కాని ఇంటికి వచ్చిన తర్వాత ఆ జవాబు నన్నే గుచ్చింది. “వాస్తవిక ప్రతీక” అన్న మాట నాదే. ఆ వాస్తవం ఏమిటో తెలుసుకోకుండా ఆ మాట వాడే హక్కు నాకెక్కడిది?

తెలుగు ఎం.ఏ. చదివిన బడిపంతులికి భౌతికశాస్త్రం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కథలూ నవలలూ రాసిన కొడవటిగంటి కుటుంబరావు సైన్సు వ్యాసాలు కూడా విస్తారంగా రాశారని గుర్తు చేసుకుంటే ఆ సంకోచం తీరుతుంది. మా పాఠశాలలోని భౌతికశాస్త్రం మాస్టారి సాయంతో నేను చదివి తెలుసుకున్నదాన్ని రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ పనికివచ్చే తీరులో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

1. ఒక జాడ కాదు, మూడు

ఓడజాడ అని మనం ఒక్క మాటలో అనేది నిజానికి మూడు విషయాల కలయిక. మొదటిది, ఓడ వెనుక నేరుగా సాగే తెల్లటి నురుగు చాలు. ప్రొపెల్లర్ నీటిని చిలకడం వల్లా, ఓడ ఒంటిని రాసుకున్న నీరు సుడులు తిరగడం వల్లా ఇది ఏర్పడుతుంది. రెండవది, ఇరుపక్కలా ఈకల వరసలాగా ఏటవాలుగా విచ్చుకునే అలలు. మూడవది, ఓడ దారికి అడ్డంగా, మెట్ల వరసలాగా ఓడ వెన్నంటి వచ్చే అలలు. ఒడ్డున నిలబడి చూసేవాడికి రెండవదే ప్రధానంగా కనిపిస్తుంది. లాంచీ వెనుక భాగాన కూర్చున్నవాడికి మొదటిదీ మూడవదీ కనిపిస్తాయి. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నది ఇక్కడ కూడా ముఖ్యమే.

2. లోతు నీటిలో

లోతైన నీటిలో అలలకు ఒక స్వభావం ఉంది. శిఖరానికీ శిఖరానికీ మధ్య దూరం ఎక్కువగా ఉన్న అల వేగంగా పోతుంది, దూరం తక్కువగా ఉన్న అల నెమ్మదిగా పోతుంది. ఓడ అన్ని రకాల అలలనూ లేపుతుంది. కాని తన దిశలో పోతూనే ఓడ నడకతో లయ తప్పకుండా ఉండగలిగినవి మాత్రమే జాడగా నిలుస్తాయి. తక్కినవి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోయే లాంచీ వెనుక అడ్డ అలల మధ్య దూరం సుమారు 16 మీటర్లు. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగు రెట్లై, సుమారు 64 మీటర్లవుతుంది. సరంగు గారు అలలు పెద్దవవుతాయన్నది ఇదే.

మరి ఎడం ఎందుకు మారదు? దీనికి సమాధానం సర్ విలియం థామ్సన్ చెప్పాడు. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధుడైనది ఇతనే. 1887లో ఎడింబరోలో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ సభలో అతను ఓడ అలల గురించి ప్రసంగించాడు. ఆ లెక్కలో కీలకమైన విషయం ఒకటుంది. లోతు నీటిలో అల శిఖరం పోయే వేగం వేరు, ఆ అలలోని శక్తి పోయే వేగం వేరు. శక్తి శిఖరం వేగంలో సగం వేగంతోనే పోతుంది. చెరువులో రాయి వేసి శ్రద్ధగా చూస్తే ఇది కంటికే తెలుస్తుంది. అలల గుంపు వెనుక అంచున కొత్త అల పుడుతుంది, గుంపును దాటుకుంటూ ముందుకు వెళ్ళి, ముందు అంచున మాయమవుతుంది. అల ముందుకు పోయినంత వేగంగా గుంపు పోదు.

ఇక మిగిలింది బడి జ్యామితే. లాంచీ ‘క’ అనే చోటు నుంచి ‘చ’ అనే చోటికి వచ్చిందనుకుందాం. ఆ దూరాన్ని 4 పాళ్ళు చేయండి. ‘క’ దగ్గర లాంచీ లేపిన అలల శక్తి ఈపాటికి ఒక వృత్తం మీద ఉంటుంది. ఆ వృత్తం ‘క’ దగ్గర మొదలై సగం దారి వరకు, అంటే 2 పాళ్ళ దూరం వరకు, వస్తుంది. కనుక దాని కేంద్రం ‘క’ నుంచి 1 పాలు దూరంలో ఉంటుంది, వ్యాసార్ధం కూడా 1 పాలే. లాంచీ ఇప్పుడున్న ‘చ’ నుంచి ఆ కేంద్రానికి 3 పాళ్ళు. ‘చ’ నుంచి ఆ వృత్తానికి స్పర్శరేఖ గీస్తే, అదే జాడ అంచు. మూడింట ఒకటి సైను విలువగా ఉన్న కోణం 19 డిగ్రీల 28 నిమిషాలు. రెండు పక్కలా కలిపితే దాదాపు 39 డిగ్రీలు. ఈ లెక్కలో లాంచీ ఎంత వేగంగా వచ్చిందన్న అంశానికి చోటే లేదు. వేగం పెరిగితే బొమ్మ పెద్దదవుతుంది, దాని రూపం మారదు. ఒకే ఫొటోను చిన్న సైజులోనూ పెద్ద సైజులోనూ తీసినట్లన్నమాట.

ఇక్కడొక సవరణ చెప్పడం న్యాయం. 2013లో మార్క్ రబో, ఫ్రెడరిక్ మోయిసీ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆకాశం నుంచి తీసిన ఓడల చిత్రాలలో కోణాలు కొలిచారు. పొడవుతో పోల్చి చూసినప్పుడు చాలా వేగంగా పోతున్న పడవల వెనుక కనిపించే కోణం కెల్విన్ చెప్పినదానికన్నా సన్నగా ఉన్నదనీ, వేగం పెరిగేకొద్దీ మరింత సన్నబడుతున్నదనీ గమనించారు. తర్వాత జరిగిన పరిశోధనలతో విషయం ఇంకా స్పష్టమైంది. కెల్విన్ గీసిన అంచు అక్కడే ఉంటుంది. కాని అన్నిటికన్నా ఎత్తయిన అలలు ఆ అంచు మీద కాక లోపలి వైపు వరస కడతాయి. నూరేళ్ళకు పైగా పాఠ్యపుస్తకాలలో ఉన్న సూత్రాన్ని పరిశీలన అబద్ధం చేయలేదు, దాని పరిధిని చూపించింది.

కనుక లోతు సముద్రం మీద మన కవి ఓడ రెండు విధాలా తప్పింది. మామూలు వేగంలో ఎడం మారదు. అతివేగంలో కంటికి కనిపించే ఎడం తగ్గుతుంది. పెరగడమన్నది లేదు.

3. లోతు తక్కువైనప్పుడు

సరంగు గారి మాటలో రెండో సగం ఇక్కడ వస్తుంది. అల నీటి పైపొరకే పరిమితం కాదు. దాని పొడుగులో సగం లోతు వరకు నీటిలో కదలిక ఉంటుంది. నీటి లోతు అంతకన్నా తక్కువైతే అలకు అడుగు తగులుతుంది. అప్పటి నుంచి అల వేగాన్ని దాని పొడుగు ఒక్కటే నిర్ణయించదు, నీటి లోతు కూడా నిర్ణయిస్తుంది. అల ఎంత పొడుగైనా ఒక హద్దు దాటి వేగంగా పోలేదు. 10 మీటర్ల లోతున ఆ హద్దు గంటకు సుమారు 36 కిలోమీటర్లు. 4 మీటర్ల లోతున 22 కిలోమీటర్ల పైచిలుకు. 2 మీటర్ల లోతున్న కాలువలో 16 కిలోమీటర్లు మాత్రమే.

ఓడ వేగం ఈ హద్దుకు దగ్గరవుతున్నకొద్దీ జాడ రెక్కలు నిజంగానే విచ్చుకుంటాయి. 19 డిగ్రీల కోణం పెరిగి పెరిగి, హద్దు దగ్గర ఓడ దారికి దాదాపు అడ్డగోడలా నిలబడుతుంది. ఇంజను ఎంత మండినా ఆ శక్తిలో చాలా భాగం ఆ గోడను మోయడానికే పోతుంది. హద్దు దాటితే బొమ్మ మళ్ళీ మారుతుంది. అడ్డ అలలు ఓడతో కలిసి నడవలేక పూర్తిగా మాయమవుతాయి. ఏటవాలు రెక్కలు మాత్రం మిగిలి, వేగం పెరిగేకొద్దీ మళ్ళీ సన్నబడతాయి. హద్దుకు రెట్టింపు వేగంలో ఒక్కో పక్క కోణం 30 డిగ్రీలు.

ఈ హద్దును మొదట లోతుగా పరిశీలించినవాడు జాన్ స్కాట్ రస్సెల్ అనే స్కాట్లండు ఇంజనీరు. 1834లో ఎడింబరో దగ్గర యూనియన్ కాలువలో రెండు గుర్రాలు లాగుతున్న పడవ హఠాత్తుగా ఆగిపోయింది. పడవ ఆగినా దాని ముందు పోగుపడిన నీరు ఆగలేదు. నున్నటి ఒకే ఒక్క దిబ్బలాగా లేచి, రూపం చెడకుండా కాలువ వెంట ముందుకు సాగింది. రస్సెల్ గుర్రమెక్కి దాన్ని వెంబడించాడు. అది గంటకు 13, 14 కిలోమీటర్ల వేగంతో పోతూ, ఒకటి రెండు మైళ్ళ తర్వాత కాలువ వంపులలో కనుమరుగైంది. అందరూ జాడ ఓడ వెనుకనే ఉంటుందనుకుంటారు. లోతు తక్కువైన ఇరుకు కాలువలో అది ఓడకు ముందు కూడా పుట్టగలదు. ఈ ఒంటరి అలకు సంబంధించిన సమీకరణాన్ని 1895లో కోర్తెవెగ్, ద వ్రీస్ అనే డచ్చివారు ప్రకటించారు.

రస్సెల్ చెప్పిన మరో సంగతి కూడా ఉంది. స్కాట్లండులోనే మరో కాలువలో పడవను లాగుతున్న గుర్రం ఒకటి బెదిరి పరుగు తీసింది. యజమాని ఆశ్చర్యపోయాడు. హద్దు దాటిన తర్వాత పడవ తాను లేపిన అల మీదే ఎక్కి తేలికగా సాగింది, గట్లను కోసే అలలు తగ్గిపోయాయి. ఆ అనుభవంతో ఆ కాలువలో వేగంగా పోయే ప్రయాణికుల పడవలు నడిపారు. సిద్ధాంతం కన్నా ముందు గుర్రం బెదురు ఆ విషయాన్ని బయటపెట్టింది.

ఈ లోతు తక్కువ నీటికి మరో గుణం ఉంది. ఓడ పక్కల నుంచీ అడుగు నుంచీ నీరు ఇరుకుదారిలో వేగంగా వెనక్కు పారవలసి వస్తుంది. అలా పారేచోట నీటిమట్టం దిగుతుంది, దానితోపాటు ఓడా దిగుతుంది. 1992 ఆగస్టులో క్వీన్ ఎలిజబెత్ 2 అనే ప్రసిద్ధ ప్రయాణికుల నౌక అమెరికాలో మసాచుసెట్స్ తీరం దగ్గర నీటి అడుగు రాళ్ళకు రాసుకుంది. అక్కడి లోతు పటంలో చూపినదానికన్నా తక్కువ. నౌక వేగం వల్ల ఎంత కిందికి దిగుతుందో సరిగా అంచనా వేయకపోవడం కూడా ప్రమాదానికి కారణమైంది.

కాలువలో ఇదే సంగతి గట్టు మీద ఉన్నవాళ్ళ అనుభవంలోకి వస్తుంది. పడవ దాటేటప్పుడు ముందు గట్టు దగ్గర నీరు వెనక్కు తీసుకుంటుంది. ఆ వెంటనే ఉరికి వస్తుంది. విశాలమైన నీటిలోనైతే అల దూరం పోయేకొద్దీ పలచబడుతుంది. కాలువలో పలచబడడానికి చోటు లేదు, గట్టుకు తగలవలసిందే. వెనిస్ నగరంలో మోటారు పడవల అలలు కాలువల పక్కనున్న కట్టడాలను తినివేస్తున్నాయని అక్కడి ప్రజలు చాలాకాలంగా ఆందోళన చేస్తున్నారు. ఆ బాధకు వాళ్ళ భాషలో ‘మోతో ఒండోసో’ అని పేరు కూడా ఉంది.

4. పైకి కనిపించని జాడ

నీరంతా ఒకే రకంగా ఉంటుందనుకోవడం మరో పొరపాటు. 1893 ఆగస్టులో నార్వే అన్వేషకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ ‘ఫ్రామ్’ ఓడ మీద సైబీరియా ఉత్తర తీరం వెంట పోతున్నాడు. సముద్రం ప్రశాంతంగా ఉంది, ఇంజను పనిచేస్తూనే ఉంది. అయినా ఓడను ఎవరో వెనుక నుంచి పట్టుకున్నట్లు నడక పడిపోయింది. నావికులు దీన్ని ‘మృతజలం’ అనేవారు. ఓడలకు అంటుకుని ఆపివేసే చేప ఒకటుందని ప్రాచీన రోమన్లు నమ్మారు, ప్లినీ కూడా ఆ మాట రాశాడు.

కారణం చేప కాదు. మంచు కరిగిన తేలికపాటి మంచినీరు బరువైన ఉప్పునీటి మీద పలచని పొరగా పరుచుకుని ఉంది. ఓడ ఆ రెండు పొరల సరిహద్దు మీద అలలను లేపుతున్నది. పైన నీరు నున్నగానే ఉంటుంది, అల లోపల లేస్తుంది. ఇంజను శక్తిని అది తినివేస్తుంది. నాన్సెన్ అనుభవం ఆధారంగా వాగ్న్ వాల్‌ఫ్రిద్ ఎక్‌మన్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు తొట్టిలో రెండు పొరల నీరు పోసి, చిన్న నమూనా పడవలు లాగి ఈ సంగతి నిరూపించాడు. 1904లో ఆ పరిశోధన అచ్చయింది. ఈ లోపలి అలలు చాలా నెమ్మదిగా, తరచు మనిషి నడక కన్నా నెమ్మదిగా పోతాయి. అందుకే బలహీనమైన ఓడ వాటికి చిక్కుతుంది. బలమైన ఓడ వాటి వేగాన్ని దాటి బయటపడుతుంది.

నదులు సముద్రంలో కలిసేచోట ఇలాంటి పొరలు సహజం. గంగా బ్రహ్మపుత్రలూ, మహానదీ, గోదావరీ మోసుకొచ్చే మంచినీటి వల్ల బంగాళాఖాతం ఉత్తర భాగంలో వర్షాకాలం తర్వాత పైపొర బాగా తేలికగా ఉంటుంది. పైకి ఒకటిగా కనిపించే సముద్రం లోపల ఒకటి కాదు.

5. ప్రవాహం, గాలి, ఉప్పు

జాడను నిర్ణయించేది నేలతో పోల్చిన వేగం కాదు, నీటితో పోల్చిన వేగం. లంగరు వేసి కదలకుండా ఉన్న పడవ వెనుక కూడా వరద గోదావరిలో జాడ ఏర్పడుతుంది. రాజమండ్రి వంతెన స్తంభాలు ఎక్కడికీ ప్రయాణం చేయవు, అయినా వరదలో వాటి వెనుక జాడ ఉంటుంది. అక్కడ నడిచేది నీరు. దీనికి కిందివైపు కూడా ఒక హద్దుంది. నీటికీ వస్తువుకూ మధ్య వేగం సెకనుకు 23 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే నిలకడైన అలల జాడ పుట్టదు. ఎందుకంటే నీటి మీద అంతకన్నా నెమ్మదిగా పోయే అల లేదు.

జాడ ఎంతసేపు ఉంటుందన్నది కూడా నీటి స్థితి మీదే ఆధారపడుతుంది. గాలికి లేచిన అలలలో అది త్వరగా చెదిరిపోతుంది. ఉప్పునీటిలో గాలిబుడగలు ఒకదానితో ఒకటి సులభంగా కలవవు. చిన్నవిగానే ఉండి ఆలస్యంగా పైకి తేలుతాయి. అందుకే సముద్రంలో నురుగు చాలు మంచినీటిలో కన్నా ఎక్కువసేపు తెల్లగా నిలుస్తుంది. నురుగు పోయిన తర్వాత కూడా ఓడ నడిచిన దారి నున్నని పట్టీలా మిగులుతుంది. సుడులూ, నీటి మీద పేరుకున్న జిడ్డు పొరా చిరుఅలలను అణచివేయడమే దీనికి కారణం. 1978లో అమెరికా ప్రయోగించిన సీశాట్ ఉపగ్రహం రాడార్ చిత్రాలలో ఈ పట్టీలు ఓడల వెనుక అనేక కిలోమీటర్ల పొడవున నల్లని గీతలుగా కనిపించాయి.

క్షణంలో చెరిగిపోయేదాన్ని మనం ‘నీటి మీద రాత’ అంటాం. వేలితో రాసినదాని విషయంలో అది నిజమే. ఓడ రాసిన రాత అంత త్వరగా చెరగదు. తెలిసినవాడు దాన్ని చదవగలడు కూడా. అడ్డ అలల మధ్య దూరాన్ని బట్టి వేగం చెప్పవచ్చు. లోతు తక్కువైన నీటిలో, వేగం తెలిస్తే, రెక్కల ఎడం చూసి లోతును అంచనా వేయవచ్చు. జాడలో ఓడ ఒక్కటే లేదు, నీరు కూడా ఉంది.

6. మళ్ళీ కవిత దగ్గరకు

ఇదంతా తెలుసుకున్న తర్వాత నేను ఆ యువకవిని కలిసి, నా ప్రశంసను వెనక్కు తీసుకోవలసి వచ్చిందని చెప్పాను. అతను నొచ్చుకున్నాడు. “నేను కళ్ళారా చూశానండి మాస్టారూ. ఇంజను పడవ జోరందుకున్నకొద్దీ రెక్కలు విచ్చుకోవడం నాకు బాగా గుర్తు” అన్నాడు.

“ఎక్కడ చూశావు?”

“మా అమ్మమ్మ గారి ఊళ్ళోనండి, కాలవ గట్టు మీంచి.”

అప్పుడు నాకు అర్థమైంది. అతని కన్ను పొరపాటు పడలేదు. లోతు తక్కువ కాలువలో, హద్దు వేగానికి దగ్గరగా పోతున్న పడవ వెనుక రెక్కలు విచ్చుకుంటాయి. సరంగు గారు నడిగోదావరిలో చూసింది నిజం, ఈ కుర్రవాడు కాలువలో చూసిందీ నిజం. మరి కవితలోకి సముద్రం ఎందుకు వచ్చింది? అడిగాను. “కాలవంటే చిన్నదైపోతుందనిపించిందండి” అన్నాడు.

మరి కాస్త మాట్లాడిస్తే ఇంకో సంగతి బయటపడింది. పడవ వస్తుంటే రేవు మెట్ల దగ్గర నీరు ముందు వెనక్కు పోయేదట. ఆ వెంటనే ఉరికి వచ్చి, తోమి పెట్టిన గిన్నెల్ని లాక్కుపోయేదట. పడవ చప్పుడు వినగానే వాళ్ళ అమ్మమ్మ గిన్నెలన్నీ పై మెట్టుకు చేర్చేదట. గట్టు ఏటేటా కోసుకుపోయి, రేవు పక్కనున్న కొబ్బరిచెట్టు చివరకు కాలువలోకి ఒరిగిందట. కవితలో ఇవేవీ లేవు. ఓడ ఉంది, సముద్రం ఉంది, రెక్కలున్నాయి. ఆ అల ఎవరికి తగిలిందన్నది లేదు.

ఈ పొరపాటులో నా వాటా తక్కువది కాదు. సముద్రాన్ని పెద్ద వస్తువనీ కాలువను చిన్న వస్తువనీ అతనికి నేర్పింది మాలాంటి విమర్శకులే. రచనలో ఓడను మాత్రమే చూసి, అది ఏ నీటిలో నడిచిందని మేము అడగలేదు. ఉపమానంలో భౌతికశాస్త్రం తప్పితే కవిత కుప్పకూలుతుందని నేను అనను. కాని కవి తాను చూసిన నీటిని వదిలి చూడని నీటిలోకి వెళ్ళినప్పుడు పోగొట్టుకునేది శాస్త్రీయత ఒక్కటే కాదని ఈ ఉదంతం చెబుతున్నది. ఇక్కడ పోయింది గట్టు మీది మనిషి.

ఆ కవితను అతను తిరగరాస్తున్నాడు. ఈసారి చదివే సమావేశానికి సరంగు గారిని నేనే స్వయంగా వెళ్ళి పిలుస్తాను. ఆయనకు ముందు బెంచీలో చోటు ఉంటుంది.